అవయవ మార్పిడి మందుల ఖర్చు

మూత్రపిండం, కాలేయం, గుండె వంటి అవయవాలను మార్పిడి చేయించుకున్నవారు, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఉండేందుకు జీవితాంతం వాడవలసిన మందులను ఇమ్యునోసప్రెసెంట్లు అంటారు. తెలుగులో వీటిని రోగనిరోధకతను అణచే మందులు అనవచ్చును. లూపస్ వంటి కొన్ని వ్యాధులలో కూడా వీటిని వాడుతారు. శస్త్రచికిత్స ఖర్చు ఒక్కసారితో తీరిపోతుంది గాని, ఈ మందుల ఖర్చు ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. మార్పిడి జరిగిన తొలి సంవత్సరంలో ఇది నెలకు పది వేల రూపాయలు దాటడం సాధారణం. సికింద్రాబాదు, హైదరాబాదు జంట నగరాలు తెలుగువారికి అవయవ మార్పిడి చికిత్సలో ప్రధాన కేంద్రాలు కావడం వలన, ఈ వ్యాసంలో ఆ ఖర్చు ఎలా ఏర్పడింది, దానిని తగ్గించుకునే మార్గాలు ఏమిటి అన్న విషయాలను ఎక్కువగా ఇక్కడి పరిస్థితుల ఆధారంగా వివరించడమైనది.

మందులు ఎందుకు మానరాదు

శరీరంలోని రోగనిరోధక వ్యవస్థకు సూక్ష్మజీవికీ, తల్లి దానం చేసిన మూత్రపిండానికీ తేడా తెలియదు. రెండూ దానికి పరాయివే. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరంలో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడిలో దాత, గ్రహీత ఒకే రూపు కవలలు కావడం వలన ఈ సమస్య తలెత్తలేదు. మిగిలిన వారందరికీ మందు తప్పనిసరి.

పదేళ్ళు బాగా పనిచేసిన మూత్రపిండం కూడా మందు ఆపిన కొద్ది వారాలలోనే దెబ్బతినవచ్చును. అట్లా పోయిన అవయవం చాలా సందర్భాలలో తిరిగి రాదు. రోగి మళ్ళీ వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకోవలసి వస్తుంది, రెండవ మార్పిడికి సరిపోయే దాత దొరకడం మొదటి సారి కంటే కష్టమవుతుంది. మన దేశంలో బతికి ఉండగా మూత్రపిండం ఇచ్చే దాతలలో తల్లులు, భార్యలు ఎక్కువ. కాబట్టి నెల ఖర్చు తట్టుకోలేక రోజుకు రెండు పూటల మందును ఒక పూటకు తగ్గించడం అనేది పొదుపు కాదు, ఇంట్లో మరొకరు ఇచ్చిన అవయవాన్ని పోగొట్టుకోవడం. ఇంతకంటే విషాదకరమైన విషయం ఏమంటే, అలా తగ్గించినప్పుడు తొలి రోజులలో రోగికి ఏ బాధా తెలియదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిన తరువాతనే సంగతి బయటపడుతుంది.

వాడుకలో ఉన్న మందులు

మూత్రపిండ మార్పిడి తరువాత ఎక్కువమందికి మూడు మందులు కలిపి ఇస్తారు: టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్ లేదా అజాథయోప్రిన్, వీటితో పాటు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. వీటిలో ప్రెడ్నిసోలోన్ అతి చవకైనది. అజాథయోప్రిన్ కూడా పాత మందే. దీనిని కనుగొన్న గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పొందారు. ఖర్చంతా మిగిలిన రెండింటి మీదనే పడుతుంది.

సైక్లోస్పోరిన్‌ను నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుండి, టాక్రోలిమస్‌ను జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్నారు. సిరోలిమస్ అనే మరో మందు ఈస్టర్ ద్వీపపు మట్టి నుండి వచ్చింది; దానిని వెలికితీసి, సంస్థ వద్దనుకున్న కాలంలో కూడా కాపాడినవారు భారతీయ సంతతికి చెందిన సురేంద్రనాథ్ సెహగల్. ఇవన్నీ పెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పెంచి, పులియబెట్టి, శుద్ధిచేసి తీయవలసిన మందులు. సాధారణ రసాయన మాత్రల కంటే వీటి తయారీ ఖర్చుతో కూడుకున్నది కావడానికి ఇది ఒక కారణం.

శస్త్రచికిత్స సమయంలో కొందరికి బాసిలిక్సిమాబ్ లేదా ఏ.టి.జి. అనే ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి చాలా ఖరీదైనవి. అయితే ఇది ఆసుపత్రి బిల్లులో కలిసిపోయే ఒకసారి ఖర్చు. తరువాత మూడు నుండి ఆరు నెలల పాటు సైటోమెగాలో వైరస్ సోకకుండా వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు వాడవలసి రావచ్చును. తొలి నెలలలో మందుల బిల్లు ఎక్కువగా ఉండటానికి ఈ మాత్ర ముఖ్య కారణం.

ధరలు దిగివచ్చిన తీరు

1970 నాటి భారత పేటెంటు చట్టం 1972లో అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఉండేది, మందుకు ఉండేది కాదు. వేరే పద్ధతిలో అదే మందును తయారుచేస్తే తప్పు లేదు. ఈ వెసులుబాటు వలన భారతీయ సంస్థలు సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌లను సొంతంగా తయారుచేసి తక్కువ ధరకు అమ్మగలిగాయి. 2005 జనవరి 1 నుండి మందుకే పేటెంటు ఇచ్చే పద్ధతి వచ్చింది గాని, అప్పటికే ముఖ్యమైన ఇమ్యునోసప్రెసెంట్లన్నీ పాతబడినందువలన వాటికి ఇబ్బంది కలగలేదు.

ఇబ్బంది వచ్చింది వాల్‌గాన్‌సైక్లోవిర్‌కు. రోష్ సంస్థకు చెన్నై పేటెంటు కార్యాలయం 2007లో దీనిపై పేటెంటు ఇచ్చింది. అప్పట్లో ఆ సంస్థ మాత్ర ధర వెయ్యి రూపాయలకు పైగా ఉండేది. రోజుకు రెండు మాత్రల చొప్పున మూడు నెలలంటే ఒక మధ్యతరగతి కుటుంబపు ఏడాది ఆదాయానికి మించిన మాట. సిప్లా సంస్థ 2008లో అదే మందును దాదాపు నాలుగో వంతు ధరకు విడుదల చేసింది. రోగుల సంఘాలు, ఇతర సంస్థలు అభ్యంతరాలు దాఖలు చేయగా 2010లో ఆ పేటెంటు రద్దయింది.

హైదరాబాదుకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉన్నది. బాలానగర్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన రసాయన నిపుణులు ఆ తరువాత సొంత పరిశ్రమలు స్థాపించారు. వారిలో ఒకరైన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ ప్రారంభించారు. ఈ సంస్థ 2007లో రిట్యూక్సిమాబ్ ఇంజెక్షన్‌ను రెడిటక్స్ పేరుతో, విదేశీ బ్రాండులో దాదాపు సగం ధరకు తెచ్చింది. కాన్సరుకు ఉద్దేశించినదైనా, రక్తం గ్రూపు కలవని దాత నుండి మూత్రపిండం తీసుకునేటప్పుడు కూడా ఈ ఇంజెక్షన్ వాడుతారు. టాక్రోలిమస్ క్యాప్సూళ్ళను ఇదే సంస్థ 2010లో అమెరికా విపణిలోకి పంపింది. ఇటీవలి కాలంలో బయోకాన్ సంస్థ ఈ తరగతి మందుల ముడిపదార్థం కోసం విశాఖపట్నంలో కర్మాగారం నెలకొల్పింది.

గరిష్ఠ ధర అంటే

అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్న మందులకు ప్రభుత్వం తరఫున జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్ మోఫెటిల్, టాక్రోలిమస్ నాలుగూ ఈ జాబితాలో ఉన్నాయి. చివరి రెండూ 2015 జాబితాలో కనబడతాయి. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఒక మందులో కనీసం 1 శాతం విపణి వాటా ఉన్న బ్రాండుల ధరల సగటు తీసి, దానికి దుకాణదారు లాభం కింద 16 శాతం కలుపుతారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఉన్నది. సగటు తీసేది అమ్మకపు ధరలకు, తయారీ ఖర్చుకు కాదు. బ్రాండులన్నీ ఖరీదైనవే అయితే సగటు కూడా ఖరీదుగానే వస్తుంది. అందువలన గరిష్ఠ ధర కట్టుబాటు ఉన్నంత మాత్రాన మందు చవక అనుకోరాదు. పైగా ఈ కట్టుబాటు జాబితాలో పేర్కొన్న మోతాదులకు, రూపాలకు మాత్రమే వర్తిస్తుంది. రోజుకు ఒకసారి వేసుకునే ప్రత్యేక రకం క్యాప్సూల్ వంటివి దీని పరిధిలోకి రాకపోవచ్చును.

పెట్టె మీద ముద్రించిన ధర అత్యధిక ధర మాత్రమే. అంతకంటే తక్కువకు అమ్మడానికి దుకాణదారుకు ఏ అడ్డూ లేదు. ఈ తరగతి మందులలో ముద్రిత ధరకూ దుకాణదారు కొనే ధరకూ మధ్య తేడా తరచు పెద్దదిగా ఉంటుంది కనుక, నెలనెలా వచ్చే రోగికి తగ్గింపు ఇవ్వడం అసాధ్యం కాదు. ఆసుపత్రి ఆవరణలోని దుకాణంలోనే కొనాలన్న నియమం బయటి రోగులకు లేదు. సికింద్రాబాదు నుండి కోఠి టోకు మందుల దుకాణాలకు వెళ్ళి కొనేవారు ఉన్నారు. ఎక్కడ కొన్నా బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉన్న బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తామనే చోట నకిలీ మందు ప్రమాదం ఉంటుంది. ఇంత అవసరమైన మందులో ఆ ప్రమాదానికి తావివ్వరాదు.

చాలా మందులపై 12 శాతంగా ఉన్న వస్తుసేవల పన్నును 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గించారు.

లెక్క వేసే పద్ధతి

బ్రాండులను పోల్చేటప్పుడు పెట్టె ధరను కాక మిల్లీగ్రాముకు ఎంత పడుతుందో చూడాలి. ఉదాహరణకు ఒక బ్రాండులో 1 మిల్లీగ్రాము టాక్రోలిమస్ క్యాప్సూల్ 40 రూపాయలు, అర మిల్లీగ్రాము క్యాప్సూల్ 25 రూపాయలు అనుకొందాము. రోజుకు 4 మిల్లీగ్రాములు వాడే వ్యక్తికి మొదటి రకంతో రోజుకు 160 రూపాయలు, రెండవ రకంతో 200 రూపాయలు అవుతాయి. నెలకు 4,800, 6,000. మందు అదే, మోతాదు అదే, చీటీ రాసిన తీరు వలన నెలకు 1,200 రూపాయల తేడా. మోతాదు తరచు మారే తొలి నెలలలో అర మిల్లీగ్రాము క్యాప్సూళ్ళు అవసరమే. మోతాదు కుదురుకున్న తరువాత కూడా పాత చీటీనే కొనసాగించడం వలన ఈ నష్టం జరుగుతూ ఉంటుంది.

బ్రాండు మార్చడం

ప్రధానమంత్రి జన ఔషధి కేంద్రాలలో బ్రాండు పేరు లేని మందులు అమ్ముతారు. 2008లో మొదలైన ఈ పథకం 2015 తరువాత విస్తరించింది. జంట నగరాలలోని అనేక పేటలలో ఈ కేంద్రాలు ఉన్నాయి. వీటిలో ధరలు పేరున్న బ్రాండుల కంటే సాధారణంగా సగానికి పైగా తక్కువ. జాబితాలో ఉన్న ప్రతి మందూ ప్రతి కేంద్రంలో ఎప్పుడూ దొరకదు. ముందుగా చెప్పి తెప్పించుకోవడం మేలు.

అయితే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందులను రక్తపోటు మాత్రల వలె దుకాణంలో ఏది ఉంటే అది తీసుకోరాదు. వీటిలో పనిచేసే మోతాదుకూ హానిచేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. తక్కువైతే తిరస్కరణ, ఎక్కువైతే మూత్రపిండానికే విషం. సాధారణ మందులలో జెనెరిక్, అసలు బ్రాండుల శోషణలో 80 నుండి 125 శాతం మధ్య తేడాను అనుమతిస్తారు. ఇటువంటి మందులకు ఐరోపా నియంత్రణ సంస్థ ఆ హద్దును 90 నుండి 111 శాతానికి కుదించింది. దీని అర్థం చవక రకం పనిచేయదని కాదు. మన దేశంలో మార్పిడి రోగులలో అత్యధికులు దేశీయ బ్రాండులతోనే ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉన్నారు. ఒక రకానికి అలవాటు పడిన తరువాత దానినే కొనసాగించాలని, మార్చవలసి వస్తే వైద్యునికి చెప్పి, ఒకటి రెండు వారాలలో రక్తంలో మందు స్థాయి పరీక్ష చేయించుకోవాలని మాత్రమే దీని అర్థం. ఈ పరీక్షకు రక్తాన్ని ఉదయపు మోతాదు వేసుకోక ముందు, అంటే రాత్రి మోతాదుకు 12 గంటల తరువాత ఇవ్వాలి. పొరపాటున మందు వేసుకొని వెళ్తే పరీక్ష ఖర్చు వృథా అవుతుంది. అంతకంటే కీడు, లేని ఎక్కువను చూసి మోతాదు తగ్గించే ప్రమాదం ఉన్నది.

రోజుకు రెండు సార్ల రకాన్నీ రోజుకు ఒకసారి రకాన్నీ ఒకదాని బదులు ఒకటి వాడరాదు. మైకోఫెనోలేట్‌లో కూడా మోఫెటిల్, సోడియం అని రెండు రూపాలు ఉన్నాయి. మొదటిది 500 మిల్లీగ్రాములు రెండవది 360 మిల్లీగ్రాములకు దాదాపు సమానం. అంకెలు చూసి కంగారు పడనవసరం లేదు గాని, మార్పు వైద్యుడు చేయవలసినదే.

వైద్యుని చేతిలో ఉన్న పొదుపు

మైకోఫెనోలేట్ బదులు అజాథయోప్రిన్ వాడటం ఒక మార్గం. సైక్లోస్పోరిన్ వాడుతున్న రోగులపై ఇటలీ వైద్యులు జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో తిరస్కరణను ఆపడంలో రెండింటికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు, ధరలో మాత్రం చాలా తేడా ఉన్నది. టాక్రోలిమస్‌తో కలిపి వాడేటప్పుడు ఎక్కువమంది వైద్యులు మైకోఫెనోలేట్ వైపే మొగ్గుచూపుతున్నారు. తిరస్కరణ ప్రమాదం తక్కువగా ఉన్నవారికి, గర్భం దాల్చదలచిన స్త్రీలకు అజాథయోప్రిన్ ఇస్తారు. మైకోఫెనోలేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక ఆ స్త్రీలలో ఇది పొదుపు కోసం చేసే మార్పు కాదు. అజాథయోప్రిన్ వాడేవారు కీళ్ళవాతానికి ఇచ్చే అల్లోప్యూరినాల్ కలిపి వాడితే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

రెండవ మార్గం విచిత్రమైనది. డిల్టియాజెమ్ అనే చవకైన రక్తపోటు మందు, కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు కాలేయంలో టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ విరిగిపోయే వేగాన్ని తగ్గిస్తాయి. అందువలన తక్కువ మోతాదుతోనే రక్తంలో కావలసిన స్థాయి నిలుస్తుంది. భారతదేశం, పాకిస్తాన్, ఈజిప్టు వంటి దేశాలలో వైద్యులు ఖర్చు తగ్గించడానికి ఈ పద్ధతిని వాడారు. ఇందులోని చిక్కు ఏమంటే, ఆ చవక మందు ఎవరైనా తెలియక ఆపితే టాక్రోలిమస్ స్థాయి కూడా పడిపోతుంది. క్షయ మందు రిఫాంపిసిన్ కూడా స్థాయిని బాగా పడవేస్తుంది. పంపరపనస జాతి పండ్లు దీనికి విరుద్ధంగా స్థాయిని పెంచుతాయి, వాటిని మానాలి.

సికింద్రాబాదులో ఎవరికి ఏ సదుపాయం

సికింద్రాబాదు రైల్వే, సైనిక నగరం. ఇక్కడి కుటుంబాలలో చాలామందికి హక్కుగా ఉచిత మందు లభించే అవకాశం ఉన్నా, అది ఏ పథకం కిందకు వస్తుందో తెలియక సొంత డబ్బుతో కొంటున్నవారు ఉంటారు. దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగులకు, పథకంలో చేరిన పింఛనుదారులకు లాలాగూడ కేంద్రీయ ఆసుపత్రి ఆధారం. మాజీ సైనికులకు 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్కులు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. కేంద్రాలు ఉన్నాయి. ప్రైవేటు కర్మాగారాలలో, దుకాణాలలో నెలకు 21,000 రూపాయల లోపు వేతనం పొందేవారు ఇ.ఎస్.ఐ. పరిధిలోకి వస్తారు, సనత్‌నగర్‌లో దీని పెద్ద ఆసుపత్రి కలదు. భర్తకు మార్పిడి జరిగి ఉద్యోగం పోయినా, భార్య ఇ.ఎస్.ఐ. చందాదారు అయితే ఆమె కార్డు మీద అతనికి చికిత్స లభించే వీలున్నదేమో విచారించవలసి ఉంటుంది.

పేద కుటుంబాలకు ప్రధాన ఆధారం ఆరోగ్యశ్రీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలై రాష్ట్రమంతా విస్తరించిన ఈ పథకంలో మూత్రపిండ మార్పిడి కూడా చేరింది. తెలంగాణ ఏర్పడిన తరువాత, పథకం కింద మార్పిడి జరిగినవారికి ఈ మందులను జీవితాంతం ఉచితంగా ఇచ్చే విధానం వచ్చింది. 2023 డిసెంబరులో పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. అనుబంధ ఆసుపత్రులలో ఉండే ఆరోగ్యమిత్రలు నమోదు వివరాలు చెబుతారు. సొంత ఖర్చుతో ప్రైవేటు ఆసుపత్రిలో మార్పిడి చేయించుకొని తరువాత పేదరికంలో పడినవారి పరిస్థితి అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పథకాలు సాధారణంగా శస్త్రచికిత్సతోనే ముడిపడి ఉంటాయి. అటువంటివారు గాంధీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, నిమ్స్‌లలోని నెఫ్రాలజీ విభాగాలలో నమోదై తమకు వర్తించే అవకాశాలు తెలుసుకోవచ్చును. 1954లో వైద్య కళాశాలతో అనుబంధమైన గాంధీ ఆసుపత్రి, 2003లో సికింద్రాబాదు రైల్వే స్టేషను వద్ద నుండి ముషీరాబాదు పాత జైలు స్థలానికి మారింది. మరణించిన దాతల అవయవాల కేటాయింపు చూసే జీవన్‌దాన్ కార్యాలయం నిమ్స్‌లో ఉన్నది.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ అవయవ మార్పిడి కార్యక్రమం కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఈ మందుల కోసం నెలకు 10,000 రూపాయల వరకు సహాయం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద మూత్రపిండం, కాలేయం, గుండె మార్పిడి జరిగినవారికి నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. అంతకు ముందు ఇది 5,000 రూపాయలు.

ఉచిత సరఫరాలో ఉన్న లోపం నిరంతరత. మందు నిల్వ లేదని, వచ్చే వారం రమ్మని చెప్పడం ఏ పథకంలోనైనా జరగవచ్చును. రక్తపోటు మాత్రకు వారం ఆలస్యాన్ని శరీరం కొంత ఓర్చుకుంటుంది, ఈ మందులకు ఓర్చుకోదు. అందువలన కనీసం పదిహేను రోజుల మందు ఇంట్లో ఎప్పుడూ మిగిలి ఉండేటట్లు చూసుకోవాలి. సరఫరాలో బ్రాండు మారిందా అని ప్రతిసారీ పెట్టె చూడాలి. వేరే బ్రాండు ఇస్తే తీసుకోవలసిందే గాని, ఆ సంగతి వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇతర దేశాలలో

అమెరికాలో మూత్రపిండ మార్పిడి జరిగినవారికి మెడికేర్ పథకం చాలా కాలం మూడు సంవత్సరాల పాటే మందు ఇచ్చేది. వయసు వలన గాని, వైకల్యం వలన గాని వేరే అర్హత లేనివారు ఆ తరువాత సొంతంగా కొనుక్కోవలసి వచ్చేది. కొనలేక అవయవం పోగొట్టుకొంటే డయాలసిస్‌కు మాత్రం మళ్ళీ అదే పథకం డబ్బు చెల్లించేది. 2020లో చేసిన చట్టం వలన, ఇతర బీమా లేనివారికి 2023 జనవరి 1 నుండి కాలపరిమితి లేకుండా ఈ మందులు ఇస్తున్నారు. పిల్లల వద్దకు అమెరికా వెళ్ళే మార్పిడి రోగులు అక్కడి ధరలను దృష్టిలో పెట్టుకొని ప్రయాణ కాలానికి సరిపడా మందును వైద్యుని చీటీతో, అసలు పెట్టెలలోనే ఉంచి తీసుకొని వెళ్తారు. దీనిని సామానులో కాక చేతిసంచిలో ఉంచుకోవడం మంచిది.